అన్న కంటే ముందు ఎవరు?

కూడలిలో కట్టిన పుట్టినరోజు ఫ్లెక్సీ ముందు ఒకసారి ఆగి చూడండి. నడుమ అన్న నిలువెత్తు బొమ్మ, నల్ల కళ్లద్దాలు, ఎత్తిన చెయ్యి. అడుగున వరసగా తపాలా బిళ్లలంత ఫొటోలు, వాటి కింద పేర్లు. ఆ వరసలో మీసం రాని ముఖాలు కూడా కనిపిస్తాయి. ఏడో ఎనిమిదో చదివే పిల్లలు. వాళ్లను గ్యాంగులో చేరమని ఎవరూ పిలవలేదు. టీ తెమ్మంటే తెచ్చారు. బండి ఎక్కించుకుని ఓ చుట్టు తిప్పితే మురిసిపోయారు. బళ్లో ఎవడో కొట్టాడని చెబితే "ఈసారి నా పేరు చెప్పు" అన్నాడు అన్న. చెప్పారు. కొట్టినవాడు నిజంగానే తగ్గాడు. ఆ తర్వాతెప్పుడో ఫ్లెక్సీకి ఫొటో అడిగారు.

చేరడమంటే చాలామంది విషయంలో ఇంతే. గ్యాంగు అనేది పోలీసులు, పత్రికలు వాడే మాట. కుర్రాళ్లు అనేది "మా బ్యాచ్". ఎప్పుడు బ్యాచ్ గ్యాంగయిందో వాళ్లకే తెలియదు. 1927లో పరిశోధకుడు ఫ్రెడరిక్ థ్రాషర్ షికాగో మురికివాడలు తిరిగి 1,313 గ్యాంగుల లెక్క రాసినప్పుడు చెప్పింది కూడా ఇదే. వీధిలో కలిసి ఆడుకునే గుంపుకి ఎవరితోనో తగాదా వస్తుంది, ఆ తగాదా గుంపును బిగిస్తుంది, బిగిసిన గుంపు గ్యాంగవుతుంది. అప్పటి నుంచి దాదాపు వందేళ్లుగా, పిల్లల్ని ఈ దారి పట్టకుండా ఆపడమెలా అన్న ప్రశ్న మీద డబ్బూ ఓపికా చాలానే ఖర్చయ్యాయి. ఆ అనుభవాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించేది ఒకటే. ఫలించిన చోటల్లా ఆ పిల్లాడి దగ్గరికి అన్న కంటే ముందు మరో పెద్దవాళ్లెవరో చేరారు. విఫలమైన చోట ఆ పని జరగలేదు, లేదా మంచి చేయబోయినవాళ్లే తెలియక అన్న పని చేసిపెట్టారు.

ముందు ఎవరు చేరతారో చూద్దాం. మనకు తట్టే జవాబు "బీద ఇళ్ల పిల్లలు" అని. అది సగం కూడా నిజం కాదు. అమెరికాలోని సియాటిల్‌లో 808 మంది పిల్లల్ని అయిదో తరగతి నుంచి ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. 13కీ 18కీ మధ్య వాళ్లలో గ్యాంగులో చేరినవాళ్లు సుమారు 15 శాతం. పేదపేటలోనైనా చేరనివాళ్లే ఎక్కువ. ఏ ఒక్క కారణమూ పిల్లాణ్ణి అటు తోసెయ్యదు. చదువులో వెనకబడటం, ఇంట్లో పట్టించుకునే దిక్కు లేకపోవడం, చేతికందేంత దగ్గరలో మత్తు, చెడు సావాసం, చిన్ననాటి దుడుకుతనం ఒకదాని మీద ఒకటి పేరుకోవాలి. పది పన్నెండేళ్ల వయసులో ఇలాంటివి ఏడు, అంతకు మించి ఉన్న పిల్లలు, ఒకటే ఉన్న లేదా అసలేమీ లేని వాళ్లకంటే 13 రెట్లు ఎక్కువగా గ్యాంగుల్లో తేలారు. అమ్మాయిల సంగతి మనం తలుచుకోనే తలుచుకోం గానీ, అమెరికా బడుల సర్వేల్లో గ్యాంగులో ఉన్నామన్నవాళ్లలో దాదాపు మూడో వంతు వాళ్లే.

సియాటిల్ అధ్యయనంలోనే నన్ను ఎక్కువగా ఆపిన అంకె ఇంకొకటుంది. చేరినవాళ్లలో 69 శాతం మంది ఏడాది, అంతకంటే తక్కువ కాలం మాత్రమే గ్యాంగులో ఉన్నారు. అమెరికాలోనే రోచెస్టర్‌లో వెయ్యిమంది పిల్లలతో చేసిన మరో అధ్యయనం, గ్యాంగులో ఉన్న కాలంలో వాళ్ల నేరాలు పెరిగి, బయటికొచ్చాక తగ్గాయని చూపింది. అంటే పిల్లాడి నెత్తురులో ఏదో ఉండి కాదు, ఆ గుంపులో ఉన్న రోజులే అతణ్ణి మార్చేస్తున్నాయి. "వాడు పుట్టుకతోనే రౌడీ" అన్న మాట మన నోట చాలా తేలిగ్గా వస్తుంది. ఏడాదిలో వెనక్కి రాగలిగిన పిల్లాడికి ఆ మాటే తలుపు మూసేస్తుంది.

ఇక ప్రయత్నాల సంగతి. విఫలమైన వాటితో మొదలుపెడతాను, ఎందుకంటే వాటినే మనం ఇప్పటికీ చేస్తున్నాం.

1960ల మొదట్లో లాస్ ఏంజెలెస్‌లో వీధి కార్యకర్తల్ని గ్యాంగుల మధ్యకు పంపారు. నాలుగు పెద్ద గ్యాంగు గుంపులు, సుమారు ఎనిమిది వందల మంది కుర్రాళ్లు. కార్యకర్తలు నిజాయితీపరులు. వారం వారం క్లబ్బు మీటింగులు పెట్టారు, ఆటల పోటీలు జరిపారు, విహారయాత్రలకు తీసుకెళ్లారు. ఈ పనిని లెక్క కట్టడానికి వచ్చిన పరిశోధకుడు మాల్కం క్లైన్. ఆయన చూసింది చూసి అందరూ నివ్వెరపోయారు. గ్యాంగులు తగ్గలేదు, పెరిగాయి. ఏ గుంపుకు ఎక్కువ సేవ అందిందో ఆ గుంపులోనే కొత్తగా చేరేవాళ్లు, నేరాలు ఎక్కువయ్యాయి. ఆలోచిస్తే కారణం కష్టమైనదేమీ కాదు. అంతకుముందు నలుగురైదుగురుగా తిరిగేవాళ్లు ఇప్పుడు వారానికోసారి యాభైమంది ఒకచోట కలుస్తున్నారు. గ్యాంగులో ఉంటే బస్సులో బీచికి తీసుకెళ్తారని బయటి పిల్లలకు తెలిసింది. జట్టుకు బిగువు బయటి నుంచి వచ్చింది, అదీ ప్రభుత్వ ఖర్చుతో.

క్లైన్ అక్కడితో వదల్లేదు. మరోచోట తలకిందులుగా చేసి చూశాడు. మీటింగులు లేవు, జట్టు ఆటలు లేవు. ఒక్కో కుర్రాడికి విడిగా ఉద్యోగమో ట్యూషనో వెతికిపెట్టడం, పేట బయట స్నేహాలు కుదర్చడం మాత్రమే. గ్యాంగు సడలింది, అరెస్టులు 35 శాతం తగ్గాయి. ప్రాజెక్టు ముగిసి కార్యకర్తలు వెళ్లిపోయాక గ్యాంగు మళ్లీ ఎప్పటిలా అయింది. పేట మారలేదు కదా, పేటలో ఉన్న ఖాళీ మారలేదు కదా. ఈ రెండు ప్రయోగాలూ కలిపి చదివితే వచ్చే పాఠం, ఈ రంగంలోని మిగతా పుస్తకాలన్నిటికంటే నాకు విలువైనదిగా తోస్తుంది.

దీనికంటే పాతది, ఇంకా బాధ కలిగించేది మసాచుసెట్స్‌లో జరిగింది. 1939లో 506 మంది అబ్బాయిల్ని జంటలుగా విడదీసి, సగం మందికి అయిదారేళ్లపాటు సలహాదారుల తోడు, వైద్యం, వేసవి శిబిరాలు అన్నీ ఇచ్చారు. ముప్పై ఏళ్ల తర్వాత పరిశోధకురాలు జోన్ మెకార్డ్ వాళ్లను వెతికి పట్టుకుని చూస్తే సాయం అందినవాళ్ల బతుకులే కాస్త ఎక్కువ చెడి ఉన్నాయి. అందులోనూ వేసవి శిబిరాలకు మళ్లీ మళ్లీ వెళ్లినవాళ్లవి. దుడుకు పిల్లల్ని దుడుకు పిల్లలతో కలిపి వదిలితే ఒకరి నుంచి ఒకరు నేర్చుకునేది మనం నేర్పాలనుకున్నది కాదు.

పిల్లల్ని జైలుకు తీసుకెళ్లి ఖైదీలతో అరిపించి భయపెట్టే పద్ధతి మరొకటి. న్యూజెర్సీలోని రావే జైలులో అలా చేసిన దాని మీద 1978లో తీసిన డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చింది, దేశమంతా ఆ పద్ధతి పాకింది. తర్వాత తొమ్మిది ప్రయోగాల ఫలితాల్ని కలిపి తూస్తే, భయపెట్టిన పిల్లలే తర్వాత ఎక్కువ నేరాలు చేశారని తేలింది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. పోలీస్ స్టేషన్ ఆవరణలో రౌడీషీటర్లందర్నీ వరసగా నిలబెట్టి కౌన్సెలింగ్ ఇచ్చే ఫొటోలు పత్రికల్లో తరచూ చూస్తూనే ఉంటాం. హైదరాబాద్ పాతబస్తీలో అర్ధరాత్రి అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను పట్టుకెళ్లి, తల్లిదండ్రుల్ని పిలిపించి బుద్ధి చెప్పే "ఆపరేషన్ చబూత్రా" చాలా ఏళ్లుగా విన్నదే. ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. అమ్మానాన్నల్ని పిలిపించడం అందులో మేలైన భాగం. కొడుకు రాత్రి ఒంటిగంటకు ఎక్కడున్నాడో తండ్రికి తెలియడం చిన్న సంగతి కాదు. కానీ వేర్వేరు వీధుల కుర్రాళ్లను ఒకే హాల్లో గంటల తరబడి కూర్చోబెట్టినప్పుడు లాస్ ఏంజెలెస్ క్లబ్బు మీటింగే మనం మళ్లీ జరుపుతున్నాం. తెల్లారి బయటికొచ్చేసరికి వాళ్లకు పక్క వీధి బ్యాచ్ కూడా పరిచయమై ఉంటుంది. రౌడీషీటు సంగతీ అంతే. షీటు తెరిచిన పంతొమ్మిదేళ్లవాడికి పోలీసు వెరిఫికేషన్ అడిగే ఉద్యోగం దొరకడం కష్టం. ఏరియాలో పేరు మాత్రం వెంటనే దొరుకుతుంది. అతనికి కావలసింది ముందు నుంచీ ఆ పేరే.

బడిలో పాఠాలు చెప్పి ఆపవచ్చా? 1991లో ఆరిజోనాలోని ఫీనిక్స్‌లో పోలీసులే యూనిఫారంలో తరగతికొచ్చి గ్యాంగుల గురించి చెప్పే కార్యక్రమం మొదలైంది. ఇంగ్లిషులో దాని పొట్టి పేరు "గ్రేట్". మొదటి విడత పరిశీలనలో గ్యాంగుల్లో చేరికను అది ఏమాత్రం తగ్గించలేదని బయటపడింది. ఇక్కడ మెచ్చుకోవలసింది వాళ్ల స్పందన. ఫలితాన్ని దాచలేదు, పాఠాల్ని తిరగరాశారు. ఉపన్యాసం తగ్గించి, కోపం వచ్చినప్పుడు ఏం చేయాలి, స్నేహితుడు పిలిస్తే కాదని ఎలా చెప్పాలి అన్నవి పిల్లల చేత చేయించి నేర్పే 13 పాఠాలుగా మార్చారు. ఏడు నగరాల్లో 3,820 మంది పిల్లలతో మళ్లీ చూస్తే, ఏడాది తర్వాత గ్యాంగులో చేరే అవకాశం 39 శాతం, నాలుగేళ్ల తర్వాత 24 శాతం తక్కువ. అయితే నేరాలు, కొట్లాటలు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. పాఠానికి ఓ హద్దుంది, ఆ హద్దు లోపల అది పనికొస్తుంది.

పిల్లల వయసు పరంగా అన్నిటికంటే ముందుగా తలుపు తట్టినవాళ్లు కెనడాలోని మాంట్రియల్ వాళ్లు. 1984లో పేదపేటల శిశుతరగతుల్లోనే మరీ దుడుకుగా ఉన్న అబ్బాయిల్ని టీచర్ల సాయంతో గుర్తించారు. వాళ్లలో కొందరికి ఏడేళ్ల నుంచి తొమ్మిదేళ్ల దాకా, రెండేళ్లపాటు, ఇంట్లో తల్లిదండ్రులకు శిక్షణ, బడిలో పిల్లలకు కలుపుగోలుతనం నేర్పడం. ఆ బడిలో పని కూడా దుడుకు పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి చేయలేదు, నెమ్మదస్తులైన తోటివాళ్లతో కలిపి చేశారు. ఇరవై నాలుగేళ్లు వచ్చేసరికి ఆ సాయం అందినవాళ్లలో నేర చరిత్ర ఉన్నవాళ్లు 22 శాతం, అందనివాళ్లలో 33. హైస్కూలు పూర్తిచేసినవాళ్లు 46 శాతం, అటువైపు 32. కౌమారంలో గ్యాంగుల జోలికి వెళ్లినవాళ్లూ తక్కువే. ఇంటికి వెళ్లి తల్లికి ఏం నేర్పారంటే, పిల్లాడు ఎక్కడ తిరుగుతున్నాడో కనిపెట్టుకుని ఉండటం, మంచి చేస్తే ఆ క్షణమే గుర్తించి చెప్పడం, చేయి చేసుకోకుండా హద్దు గీయడం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. దీనికి శిలాఫలకం ఉండదు, రిబ్బన్ కత్తిరింపు ఉండదు, ఫలితం చూడటానికి పదిహేనేళ్లు పడుతుంది. ఎన్నికలు అయిదేళ్లకోసారి వస్తాయి.

పది పన్నెండేళ్లు దాటిపోయిన పిల్లాడి మాటేమిటి? షికాగోలో "బికమింగ్ ఎ మ్యాన్" అనే కార్యక్రమం ఒక ఆటతో మొదలవుతుంది. ఇద్దరు కుర్రాళ్లలో ఒకడి చేతికి బంతి ఇస్తారు. ముప్పై సెకన్లలో అది వాడి దగ్గర నుంచి తీసుకోమని రెండోవాడికి చెబుతారు. కలబడతారు, గుంజుకుంటారు, చొక్కాలు నలుగుతాయి. అయిపోయాక మాస్టారు అడుగుతాడు: "బంతి ఇవ్వమని అడగొచ్చు కదా?" అడిగి ఉంటే ఇచ్చేసేవాణ్ణనే చాలాసార్లు ఎదుటివాడి జవాబు. ఏ బోధా చేయకుండా, చెయ్యి లేచే ముందు ఒక్క క్షణం ఆగడం నేర్పుతారు. తొలి అధ్యయనాల్లో, ఆ కార్యక్రమంలో ఉన్నంత కాలం హింసాత్మక నేరాలకు అరెస్టులు సగం దాకా తగ్గాయి. పెద్ద ఎత్తున విస్తరించినప్పుడు అంత బలమైన ఫలితం నిలవలేదని కూడా చెప్పాలి. అదే నగరంలో 2012 వేసవిలో ప్రమాదపు పేటల్లోని బడుల పిల్లలకు ఎనిమిది వారాల ఉద్యోగం ఇచ్చి చూశారు. వేసవి పనికి తోడుగా ఒక పెద్దవాణ్ణి కూడా జతచేశారు. పదహారు నెలల్లో వాళ్ల హింసాత్మక నేరాల అరెస్టులు, ఉద్యోగం దొరకనివాళ్లతో పోలిస్తే, 43 శాతం తగ్గాయి. ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం ఉద్యోగం అయిపోయిన తర్వాత వచ్చింది. చేతి నిండా పని ఉండటం వల్ల మాత్రమే కాదన్నమాట.

అప్పటికే గ్యాంగులో ఉండి కత్తి పట్టినవాళ్ల విషయంలో గ్లాస్గో కథ చెప్పుకోవాలి. స్కాట్లండ్‌లోని ఆ నగరపు పేటల్లో కత్తి గ్యాంగులు తరతరాలుగా ఉన్నవే, తాత గ్యాంగులోనే మనవడూ ఉంటాడు. 2005లో కారిన్ మెక్‌క్లస్కీ, జాన్ కార్నొకన్ అనే ఇద్దరు పోలీసు శాఖవాళ్లు హింసను అంటువ్యాధిలా చూడాలంటూ ఒక ప్రత్యేక విభాగం పెట్టారు. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1996లో, బాస్టన్ పోలీసులు పాస్టర్లతో, వీధి కార్యకర్తలతో కలిసి గ్యాంగుల్ని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడిన పద్ధతి వాళ్లకు దారి చూపింది. బాస్టన్‌లో యువకుల హత్యలు నెలవారీ లెక్కన 63 శాతం తగ్గాయి. గ్లాస్గోలో 2008 నుంచి గ్యాంగు కుర్రాళ్లను కోర్టు హాలుకే పిలిచారు, ముద్దాయిలుగా కాదు, అతిథులుగా. ముందు పోలీసు అధికారి మాట్లాడాడు: మీరెవరో మాకు తెలుసు, ఇక ఒక్కడు కత్తి తీసినా గ్యాంగు మొత్తం మీద పడతాం. తర్వాత ఆసుపత్రి సర్జన్ లేచి, కత్తిపోటు పడ్డ ముఖాన్ని కుట్టడం ఎలా ఉంటుందో చెప్పాడు. ఆ తర్వాత కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి. పోలీసుల మాటకు నవ్వినవాళ్లు తల్లి మాట్లాడుతుంటే తల దించుకున్నారని అక్కడున్నవాళ్లు చెప్పారు. చివర ఒక ఫోన్ నంబరు ఇచ్చారు. మానాలనుకుంటే చేయండి, ఉద్యోగం, చదువు, మత్తు మానే వైద్యం మేం చూస్తాం అని. 2004-05లో స్కాట్లండ్ మొత్తంలో 137 హత్యలు జరిగితే, పదేళ్లు గడిచేసరికి అవి సగానికి దిగువకు వచ్చాయి. ఒక్క ఈ పిలుపు వల్లే అని ఎవరూ అనరు. బడులు, వైద్యులు, పోలీసులు ఒకే మాట మీద పదేళ్లు నిలబడ్డారు.

ఉక్కుపాదమే సరైన మందు అనేవాళ్లు ఇప్పుడు ఎల్ సాల్వడార్‌ను చూపిస్తున్నారు. ఆ వాదనను తోసిపుచ్చడం సులువు కాదు. 2015లో లక్షకు వందకు పైగా హత్యలు జరిగిన దేశం, 2022 మార్చిలో అత్యవసర స్థితి పెట్టి ఎనభై వేలమందికి పైగా జైల్లో వేశాక, ఇప్పుడు లక్షకు రెండు లోపే అంటోంది. ప్రాణభయం లేకుండా బిడ్డను బడికి పంపే తల్లికి ఆ తేడా ఎంతో నాకు అర్థమవుతుంది. కానీ ఆ పట్టుకుపోయినవాళ్లలో ఏ పాపమూ ఎరగనివాళ్లూ, పిల్లలూ ఉన్నారు. పన్నెండేళ్లవాడికీ పదేళ్ల జైలు వేయగలిగేలా చట్టం మార్చారు. అదే దేశం 2003లోనూ ఉక్కుపాదం మోపింది. అప్పుడు ఏ గ్యాంగువాళ్లను ఆ గ్యాంగు జైల్లో పెడితే జైళ్లే వాళ్ల కార్యాలయాలయ్యాయి. అసలా గ్యాంగులు పుట్టి పెరిగింది లాస్ ఏంజెలెస్‌లో, స్వదేశపు అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాల పిల్లల మధ్య. అమెరికా ప్రభుత్వం ఆ కుర్రాళ్లను వెనక్కి పంపడంతో ఆ గ్యాంగులే దిక్కులేని దేశంలో దిక్కయి కూర్చున్నాయి. జైలు పాలైన తండ్రుల పిల్లలు ఇప్పుడు పెరుగుతున్నారు. వాళ్ల దగ్గరికి ఎవరు వెళ్తున్నారన్నది నన్ను వదలని ప్రశ్న.

చట్టం కఠినంగా ఉండవలసిన చోటు వేరే ఉంది. స్వీడన్‌లో పదిహేనేళ్లు నిండనివారికి శిక్ష లేదని తెలిసి, గ్యాంగులు పదమూడు పద్నాలుగేళ్ల పిల్లల్ని ఫోన్ యాప్‌లలో సుపారీకి కుదుర్చుకుంటున్నాయి. పురమాయించేవాడు వేరే దేశంలో ఉంటాడు, తుపాకీ మోసేది పిల్లాడు. మన దేశంలో దీనికి విరుగుడు కాగితం మీద ఇప్పటికే ఉంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 83వ సెక్షన్ ప్రకారం, పిల్లల్ని చట్టవిరుద్ధ పనులకు వాడుకునే పెద్దలకు ఏడేళ్ల దాకా కఠిన శిక్ష. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 95వ సెక్షన్ ఇంకా ముందుకెళ్లి, పిల్లలచేత నేరం చేయించినవాడికి కనీసం మూడేళ్లు, పదేళ్ల దాకా జైలు అంటోంది. గంజాయి సంచితో కుర్రాడు పట్టుబడిన ప్రతి కేసులోనూ ఆ సంచి ఇచ్చిన చెయ్యి ఎవరిదని ఈ సెక్షన్ల కింద అడగాలి.

బెజవాడ వాళ్లకు ఈ విషయం పుస్తకాల్లో చదవనక్కర్లేదు. కార్మిక సంఘాల మీద పెత్తనం కోసం మొదలైన తగాదా 1980ల నాటికి కాలేజీ విద్యార్థి సంఘాల దాకా పాకింది. ఏ కాలేజీలో చేరినా ఏ వర్గమో చెప్పాల్సి వచ్చేది, చాలాసార్లు కులమే చెప్పేసేది. 1988 డిసెంబరు 26న నిరాహార దీక్షలో ఉన్న శాసనసభ్యుడు వంగవీటి మోహనరంగారావు హత్య, ఆ వెంటనే చెలరేగిన మంటలు ఆ తరం మరిచిపోలేదు. మరుసటి ఏడాది వచ్చిన "శివ" ఆ కాలేజీ వాతావరణాన్ని తెరకెక్కించింది. సైకిల్ చైను చిహ్నమైపోయింది. 2020 మే నెలాఖరులో పటమటలో రెండు బ్యాచ్‌లు ఒక స్థలం సెటిల్మెంటు విషయంలో మాటామాటా పెరిగి, కత్తులు కర్రలతో ఖాళీ జాగాలో తలపడ్డాయి. ఒక ప్రాణం పోయింది. ఫోన్లలో తీసిన ఆ వీడియోలు రాష్ట్రమంతా తిరిగాయి. ముప్పై ఏళ్లకు పైగా ఎడంలో జరిగిన ఈ రెంటిలోనూ కుర్రాళ్ల వెనక పెద్దల అవసరం ఉంది. బంద్‌కి మనుషులు కావాలి, ర్యాలీకి బైకులు కావాలి, స్థలం ఖాళీ చేయించడానికి ఎవరో ఒకరు కావాలి. అమెరికా, స్కాట్లండ్ ప్రయోగాలకు ఈ ముడి విప్పడం తెలియదు. ఇది మనమే విప్పుకోవాలి, మొదట మన పార్టీలు ఫ్లెక్సీల మీద పిల్లల ఫొటోలు ఒప్పుకోకుండా ఉండటంతో.

మిగతావాటికి మన దగ్గర మనుషులున్నారు. ఆంధ్రలో వార్డు సచివాలయాల్లో పనిచేసేలా మహిళా పోలీసుల్ని నియమించారు. మాంట్రియల్‌లో ఇంటింటికీ వెళ్లి తల్లితో కూర్చున్నవాళ్ల పని కొంత శిక్షణ ఇస్తే అలాంటి ఉద్యోగిని చేయగలదు. బడి మానేసిన పిల్లాడి పేరు హాజరుపట్టీలో ఎర్ర సిరాతో నిలిచిపోక ముందే ఆ ఇంటికి వెళ్లగలదు. గుంపుగా కాదు, ఒక్కొక్కరి దగ్గరికి, ఏళ్ల తరబడి, అదే మనిషి. బదిలీలు ఆపగలిగితే సగం పని అయినట్టే.

అమెరికా న్యాయశాఖ లెక్కల్లో బడి ఉన్న రోజుల్లో పిల్లల హింస ఎక్కువగా జరిగేది అర్ధరాత్రి కాదు, బడి వదిలిన గంటలో. మన ఊళ్లలో మైదానం ఉన్న ప్రభుత్వ పాఠశాల ముందు సాయంత్రం నాలుగున్నరకు నిలబడి చూడండి. ఆటల మాస్టారు బస్సెక్కి వెళ్లిపోతాడు. గేటుకు తాళం పడుతుంది. కాసేపటికి పిల్లలు ప్రహరీ దూకి లోపలికి వెళ్లి బ్యాటు తీస్తారు, వాచ్‌మన్ కర్ర పట్టుకుని తరుముతాడు. ఎదురుగా టీ బంకు దగ్గర బండి మీద కూర్చున్నవాడు చెయ్యి ఊపి, "ఇటు రండ్రా" అంటాడు.